ఒక్కటీ వదలని ఒక్కపొద్దులు

రంజాన్ నెలంతా మా అమ్మాయి అల్ఫియా ఒక్కరోజు కూడా ఒక్కపొద్దు వదల్లేదని వీధంతా టముకు వేసింది నేనే. ఇంటర్ చదివే పిల్ల, నరసరావుపేట ఎండల్లో గుక్కెడు నీళ్ళు కూడా ముట్టకుండా పొద్దు గడపడమంటే మాటలా? చెప్పుకుంటే తప్పేముంది? అసలే నాది ఊరుకునే నోరు కాదు.

ఈ ఆరోగ్యం గొడవంతా నాతోనే మొదలైంది. నాకు షుగరొచ్చింది, నడవమన్నారు. నాకు తోడుగా అది కూడా పొద్దున్నే కాలేజీ గ్రౌండుకు వచ్చేది. ముందు కూల్‌డ్రింకులు మానేసింది. తర్వాత నూనె వస్తువులు. బంగారం లాంటి పిల్ల అనుకున్నాను. ఆ తర్వాత అన్నం పక్కనపెట్టి కీరదోసకాయ ముక్కలతో సరిపెట్టుకోసాగింది.

"ఏమే ఖైరున్నీసా, పిల్ల చానా చిక్కిపోయిందే," అన్నాడు మా ఆయన పీర్ సాహెబ్.

ఆయన లారీ మెకానిక్కు. "నీ మాదిరి పొట్ట పెంచమంటావా ఏంది?" అని కసిరాను.

రంజాన్ వచ్చాక ఆ కాస్త అనుమానం కూడా లేకుండా పోయింది. సాయంత్రం ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నమాజుకు లేచిపోయేది. భక్తి అనుకున్నాను. భక్తిలో ఉన్న పిల్లను అన్నం తినమని ఎవరు తిడతారు?

పండగ అయ్యాక మా ఆడబిడ్డ అఫ్రీన్ వచ్చింది. నెలసరి రోజుల్లో మా ఆడవాళ్ళకు ఒక్కపొద్దు లేదు. అలా పోయినవి పండగ తర్వాత తీర్చుకోవాలి. ఒంటరిగా ఉండాలంటే బద్ధకం కాబట్టి నలుగురం కలిసి ఉంటాం.

"అల్ఫియా, నీవెన్ని పోయినయ్యే? నాతోపాటు ఉందువుగానీ," అంది అఫ్రీన్.

"నావేం పోలేదత్తా."

"చెప్పలా నీకు? ఒక్కటీ వదల్లా నా కూతురు!" అన్నాను మురిసిపోతూ.

అఫ్రీన్ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, గొంతు తగ్గించింది.

"వదినా, ఎదిగిన పిల్లకి నెలంతా ఎట్టా కుదిరింది?"

ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, ఆ మాట నాకెందుకు తట్టలేదు? తట్టాక మాత్రం బుద్ధి పాడు దారే పట్టింది. అల్ఫియాను గదిలోకి లాక్కెళ్ళి తలుపేశాను.

"ఎవడే వాడు?"

"ఎవడేందమ్మా?" అంది తెల్లబోయి.

"నెలసరి ఎందుకాగిందే?"

"చలికాలం నుంచే రావట్లా. ఒక్కపొద్దులు పోవులే, మంచిదే అనుకున్నా."

అబద్ధం చెప్పే ముఖం కాదది. ఊపిరి పీల్చుకున్నానో, ఇంకా భయపడ్డానో నాకే తెలియలేదు. దాని మణికట్టు పట్టుకుంటే చేతికి ఎముకే తగిలింది. రోజూ చూస్తున్న కళ్ళు నావేనా అనిపించింది.

మర్నాడు లేడీ డాక్టరుకు చూపించాం. తిండి లేక ఒళ్ళు ఒక్కో పనీ ఆపేస్తోందని, గుండె కూడా నెమ్మదించిందని చెప్పింది. తిట్టొద్దట. బలవంతంగా కుక్కొద్దట. గుంటూరులో మానసిక వైద్యులకు కూడా చూపించి తీరాలట. తిట్టకుండా, బలవంతం చెయ్యకుండా తినిపించడం ఎలాగో నాకు అర్థం కాలేదు. నడక మంచిదన్నారు, నూనె చెడ్డదన్నారు. అన్నీ మంచివే చేసిన పిల్లకు ఇదేం ఖర్మ?

ఇంటికొచ్చి పప్పన్నం కలిపి ముద్ద పెట్టబోయాను.

"అత్తతోపాటు నేనూ ఒక్కపొద్దున్నానమ్మా," అంది.

ఒక్కపొద్దు విడవమని జన్మలో ఎవరికీ చెప్పినదాన్ని కాదు.

"విడిచెయ్యమ్మా. ఒంట్లో బాగాలేనోళ్ళకి లేదు. అల్లా ఏమీ అనుకోడు."

అది పళ్ళెం పక్కకు జరిపింది.

"అల్లా కోసం కాదమ్మా. పండగైనాక తిందామనే అనుకున్నా. పళ్ళెం చూస్తే భయమేస్తంది. ఎట్టా ఆపాలో తెలవట్లేదు."

"నాకూ తెలవదే తల్లీ," అన్నాను. ఏడుపు ఆగలేదు.

చేతిలో ముద్దతో అలాగే కూర్చున్నాను. అది నా చేతిలోంచి నాలుగు మెతుకులు తీసుకుని నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకా నములుతూనే ఉంది. ఎప్పుడు మింగుతుందా అని దాని గొంతు వైపే చూస్తున్నాను.