రేడియో సౌండ్ కాస్త తగ్గించండి

మా స్టేషన్‌లో ఆమె అందరికీ అక్కే. ఆమెకన్నా పెద్దవాడైన డైరెక్టర్ కూడా అక్కా అనే పిలుస్తాడు. మధ్యాహ్నంపూట శ్రోతలు ఫోన్ చేసి కోరిన పాటలు వేసే కార్యక్రమం ఆమెది. స్టూడియో అద్దానికి ఇవతల సౌండ్ మిక్సర్ ముందు కూర్చుని మీటలు జరిపే పని నాది. నా చెవులు ఇలా మొద్దుబారడానికి ఆ కార్యక్రమమే కారణం.

ఒకప్పుడు ఫోన్ చేసే ప్రతివాళ్లూ పక్కనే రేడియో గట్టిగా పెట్టుకుని మాట్లాడేవారు. వాళ్ల గొంతు రేడియోలోంచి వచ్చి, మళ్లీ ఫోన్‌లో దూరి, గిర్రున తిరిగి 'కుయ్'మని కూత పెట్టేది. చెవుల తుప్పు వదిలిపోయేది. నేను పళ్లు నూరుకునేవాణ్ణి. అక్క మాత్రం నవ్వుతూ, "మీ రేడియో సౌండ్ కాస్త తగ్గించండి" అనేది. హలో తర్వాత ఆమె ఎక్కువసార్లు పలికిన మాట అదే అయ్యుంటుంది.

నిన్న డైరెక్టర్ మా ఇద్దర్నీ పిలిచి, వచ్చేవారం నుంచి ఆ కార్యక్రమం ఉండదన్నాడు.

"పాట అడిగి, అది వచ్చేదాకా ఎవరు కాచుక్కూర్చుంటారక్కా ఈ రోజుల్లో? యాప్ తెరిస్తే అడక్కుండానే పాట మీద పాట. నచ్చకపోతే పల్లవి సగంలో ఉండగానే ఇంకోటి."

"ఫోన్లు వస్తూనే ఉన్నాయిగా మరి?"

"చేసేవాళ్లు సరే, వినేవాళ్లేరీ? ఒక్కరంటే ఒక్కరు వింటున్నారని చూపించు. కార్యక్రమం జోలికే రాను."

అక్క వచ్చి నా పక్కన కుర్చీలో కూలబడింది. ఆమె ఉద్యోగమేమీ పోదు, ఆఫీసులో ఇంకో మూల కూర్చోబెడతారు. కానీ మైకు లేని అక్క ఎలా బతుకుతుందో నాకు ఊహకు అందలేదు. మైకు ముందు కూర్చోని రోజున ఆ మనిషికి తిండి కూడా సహించదు.

"వినేవాళ్లు లేకపోవడం ఏంట్రా? ఎవరిదాకానో ఎందుకు, మీ బావగారు రోజూ వింటారు. నేను ఇంటికెళ్లగానే, ఇవాళ పాటలు బాగా వేశావ్ అంటారు."

నా నోరు ఊరుకోదు కదా. "అక్కా, మనం కూత విని ఎన్నాళ్లయింది?" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "రేపు అందర్నీ సౌండ్ పెంచమందాం. ఆ కూత డైరెక్టర్ చెవిన పడాలి" అంది.

ఈరోజు డైరెక్టర్ వచ్చి నా వెనకాలే కూర్చున్నాడు. మొదట రోజూ చేసే టైలర్ పెద్దాయన లైన్లోకి వచ్చాడు.

"బాబాయ్, మీ రేడియో సౌండ్ కాస్త పెంచరూ?"

"రేడియోనా? అది పాడై చాన్నాళ్లయిందమ్మా. పాటలు మా మనవరాలు ఫోన్లో పెడుతుంది. నీతో రెండు మాటలు మాట్లాడితే ప్రాణం తేలిగ్గా ఉంటుందని చేస్తుంటాను."

"మరి మీకోసం నేను వేసే పాట?"

"అది నాకెలా వినపడుతుందమ్మా?" అన్నాడు, పాపం, అమాయకంగా.

తర్వాత ఒక టీచరమ్మ. పల్లవి కూనిరాగం తీస్తే అది ఏ పాటో అక్క ఇట్టే చెప్పేస్తుందట. పేరు తెలియగానే ఫోన్ పెట్టేసి యాప్‌లో వెతుక్కుంటుందట. "మీరు లేకపోతే ఎంత కష్టమయ్యేదో అక్కయ్యా!" అంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు. నోరు విప్పి ఏదైనా అంటే బాగుండేది, నాలుగు తిట్టి కడుపుమంట చల్లార్చుకునేవాణ్ణి.

అక్క పాట వెయ్యొద్దని చెయ్యి ఊపింది. మైకు దగ్గరికి జరిగి, "ఇవాళ ఒక శ్రోతకి నేనే ఫోన్ చేస్తున్నాను" అంటూ నాకు సైగ చేసింది. వాళ్లింటి ఫోన్‌కి కలిపాను. బావ ఇంట్లోనే కూర్చుని వాచీలు బాగుచేస్తాడు, ఎక్కడికీ కదలడు. మీట పైదాకా తోశాను. ఇన్నేళ్లలో కూత రావాలని దేవుడికి మొక్కుకున్నది అదే మొదటిసారి.

బావ ఫోనెత్తాడు. వెనకాల పాట గట్టిగా మోగుతోంది. డైరెక్టర్ ముందుకు వంగాడు. నా ప్రాణం లేచివచ్చింది. అంతలోనే గుర్తొచ్చింది, మా రేడియోలో అప్పుడు పాటే లేదు. ఉన్నది అక్క గొంతొక్కటే.

"ఏమండీ, నేను."

"నువ్వా? ఏంటి, ఈ వేళప్పుడు చేశావ్? ఇవాళ నీ ప్రోగ్రాం లేదా?"

ఆ మాట రేడియోలో అలాగే వెళ్లిపోయింది. మీట కిందికి లాగాలని తెలుసు, చెయ్యి రాలేదు. డైరెక్టర్ తల దించుకున్నాడు. బావ వెనకాల ఆ పాట పల్లవి పూర్తికాకుండానే ఆగిపోయి, ఇంకోటి మొదలైంది.

"సౌండ్ కాస్త తగ్గించండి" అంది అక్క.