నలభై మీద ఒక గీత

నేను ఒక స్టాప్‌వాచీని. గడియారాన్ని అనలేదు, గమనించండి. గడియారాలు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి, ఎవరు చూసినా చూడకపోయినా వాటికి పట్టదు. నాకలా కుదరదు. బొత్తం నొక్కితే లేస్తాను, మళ్ళీ నొక్కితే ఆగుతాను, మూడోసారి నొక్కితే జరిగిందంతా మరిచిపోయి మొదటికొస్తాను. మనుషులకి ఈ మూడో విద్య రాదు. అందుకే వాళ్ళని చూస్తే నాకు కాస్త జాలి.

ప్రస్తుతం గోదావరి కాలవగట్టున ఉన్న ఒక హైస్కూలు సైన్సు గదిలో, అద్దాల బీరువా పై అరలో విశ్రాంతి తీసుకుంటున్నాను. నా స్ప్రింగు మెత్తబడి చాలా ఏళ్ళయింది. పక్కన సీసాలో ఒక కప్ప ఉంది. అది నాకంటే సీనియరు, అయినా గర్వం లేదు. పిల్లలు వచ్చి కప్పని చూసి అబ్బా అంటారు, నన్ను చూసి ఇదేంటి అంటారు. చెప్పేవాళ్ళు లేరు కనక నా సంగతి నేనే చెప్పుకుంటున్నాను.

నేను పుట్టింది దుమ్ము రాకుండా కిటికీలు బిగించిన ఒక పొడుగాటి గదిలో. కంటికి భూతద్దం తగిలించుకున్న ఒకావిడ ఊపిరి బిగబట్టి నా చక్రాలన్నీ అమర్చింది. సెకనుకి ఐదుసార్లు టిక్కుమనడం ఆవిడ నేర్పిందే. అందుకే నా ముఖమ్మీద ఒక్కో సెకనుకీ ఐదేసి గీతలుంటాయి. తరవాత ఒకరోజు పొడుగునా నన్నొక పెద్ద గడియారం పక్కన పెట్టి పరీక్ష చేశారు. తేడా రాలేదు. బాగుందని చీటీ మీద సంతకం పెట్టినాయన అది పెడుతూనే పెద్దగా ఆవలించాడు. నా జీవితంలో నాకు దక్కిన మొదటి సన్మానం అది.

ఈ బడికి వచ్చాక మొదట డ్రిల్లు మాస్టారు జోగిరాజుగారి మెడలో వేలాడాను. ఆయన మంచి మనిషే కానీ బొటనవేలికి పక్షపాతం ఎక్కువ. నచ్చిన పిల్లాడు పరిగెత్తితే గీత దాటకముందే నొక్కేసేవాడు, నచ్చనివాడైతే వాడు దాటి నీళ్ళు తాగడానికి వెళ్ళేదాకా ఆలోచించేవాడు. వంద మీటర్లు కొలవడానికి ఆయనకి ఒక నూలుతాడు ఉండేది. ఒక వానాకాలం ఆ తాడు తడిసి బాగా కుంచించుకుపోయింది. ఆ తాడుతోనే మైదానం కొలిచి గీతలు వేయించాడు. ఇంకేముంది, ఆ ఏడు పిల్లలందరూ పాత రికార్డులన్నీ బద్దలుకొట్టేశారు. దూరాన్ని కాలంతో భాగిస్తే వడి వస్తుందని ఆయనకి తెలుసు. దూరం తగ్గిపోయిందని మాత్రం తెలీదు. ఎండలు వచ్చి తాడు సాగాక మళ్ళీ అందరూ నెమ్మదించారు. ఆయన నన్ను చెవి దగ్గర పెట్టుకుని, రెండుసార్లు విదిలించి, ఇది పాడైపోయిందన్నాడు. మనుషులతో ఇదే చిక్కు. లెక్క తేడా వస్తే ముందు నా మీదే పడతారు, తాడుని ఎవరూ ఏమీ అనరు.

పాడైపోయిందన్నారు కనక సైన్సు చెప్పే వకుళ టీచరు నన్ను అడిగి తీసుకుంది. ఆవిడది విశాఖపట్నం. సన్నగా, కోపంగా కనిపిస్తుంది కానీ ఏదీ పరీక్షించకుండా నమ్మని మనిషి. నాలో లోపం లేదని ఒక్క పూటలో తేల్చేసి, లఘులోలకం దగ్గర ఉద్యోగం ఇచ్చింది. లోలకమంటే పెద్ద యంత్రమేం కాదు. స్టాండుకి కట్టిన మీటరు పొడుగు దారం, కింద ఒక ఇత్తడి గుండు. ఒక పక్కకి లాగి వదిలితే గుండు అవతలకి వెళ్ళి తిరిగి వస్తుంది. ఆ పోయి రావడాన్ని ఒక డోలనం అంటారు. దానికి పట్టే కాలం రెండు సెకన్లు, పైన వెంట్రుకవాసి. ఒక్క డోలనాన్నే కొలిస్తే నొక్కే వేలు చేసే ఆలస్యమంతా దాని నెత్తినే పడుతుంది. అందుకని ఇరవై కొలిచి ఇరవైతో భాగిస్తారు. ఇరవైకి నలభై సెకన్ల మీద ఒక గీత రావాలి. అది నాకు కంఠతా వచ్చు.

క్లాసులో టీచరే గట్టిగా లెక్కపెట్టేది. గుండు వదలగానే సున్నా అనేది, పిల్లలు బొత్తం నొక్కేవారు, గుండు ఒకసారి పోయి రాగానే ఒకటి అనేది. అయినా చక్రధర్ అనే కుర్రాడు నా ముఖం కూడా చూడకుండా గైడులో చూసి నలభై అని వేసేసేవాడు. సరైన జవాబే. కొలిచింది కాదు, అంతే. ఆ ఏడు తొమ్మిదో తరగతిలో మంగతాయారు అని ఒక పిల్ల ఉండేది. తండ్రి వీరాస్వామి కళ్ళాల్లో కుంచంతో ధాన్యం కొలిచే మనిషి. ఆ పిల్ల ఒక్క లెక్కని పదిసార్లు కొలిస్తే గానీ నిద్రపోదు. నన్ను పట్టుకుంటే వెచ్చగా, కదలకుండా పట్టుకునేది. ఏలూరులో జరిగే జిల్లా సైన్సు ప్రదర్శనకి బడికి ఒక్కరినే పంపమన్నారు. టీచరు ఆ పిల్లని ఎంచింది. వాళ్ళింట్లో ఇదివరకెవరూ ఇంకో ఊరి బడి గడప తొక్కలేదు. శనివారం ప్రదర్శన, గురువారం సాయంత్రానికి పేరు పంపాలి.

సోమవారం టీచరు మూడు రోజుల శిక్షణకి ఏలూరు వెళ్ళింది. వెళుతూ, ఒక్కదానివే చేసి అలవాటు చేసుకో అని మంగతాయారుకి చెప్పింది. ఆ పిల్ల నన్ను చేతిలోకి తీసుకుని నా మెడతాడు వేలికి చుట్టుకుంటూ ఉండగా ఇంటర్వెల్ గంట గణగణా మోగింది. ఉలిక్కిపడింది. నేను జారి స్టాండుకి టంగుమని తగిలాను. నిజం చెప్పాలంటే నాకేమీ అవలేదు, అంచు మీద చిన్న సొట్ట తప్ప. కానీ ఆ పిల్ల ముఖం పాలిపోయింది. గబగబా గుండు వదిలి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది మీద ఒక గీత వచ్చింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. పదిసార్లు చేసి పదిసార్లూ పుస్తకంలో రాసుకుంది. పదీ ఒకటే.

చక్రధర్ ఆ పుస్తకం లాక్కుని చూశాడు. "నలభై రావాలి కదే. వాచీ స్లో అయిపోయింది. ఇందాక స్టాండుకేసి కొట్టావు కదా, అందుకే."

వాదన బాగానే ఉంది. నేను నెమ్మదిస్తే నిజంగానే నలభై కాస్తా ముప్పై ఎనిమిదిగా కనిపిస్తుంది. ఒక్క చిక్కేమిటంటే నేను నెమ్మదించలేదు. అరుద్దామంటే నాకున్నది టిక్ టిక్ ఒక్కటే. అటెండరు ఏడుకొండలు వచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకి గడియారాల్లో తెలిసింది కీ ఇవ్వడం వరకే. "టీచరుగారొచ్చాకా ఆరికే అప్పజెబుతాను. నేనేం ఎరగనమ్మా తల్లీ," అని, ఒక చీటీ మీద 'చెడిపోయినది, మంగతాయారు, తొమ్మిది బి' అని రాసి నా మెడకి కట్టి, విరిగిన గాజుగొట్టాల పెట్టెలో పడేశాడు. మూడు రోజులు ఆ పిల్ల పేరు మెడలో వేసుకుని చీకట్లో పడుకున్నాను. ఉక్రోషంతో ఉడికిపోయాను. నా మీద మాట పడటం నాకు కొత్త కాదు, నా మూలంగా ఇంకొకరి మీద పడటమే కొత్త.

గురువారం మధ్యాహ్నం టీచరు వచ్చింది. మంగతాయారు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"టీచర్ గారండీ, వాచీ నేనే పాడుచేసేశానండి. చెయ్యి జారిపోయిందండి. చక్రధర్ని పంపించెయ్యండి, నేను వెళ్ళనండి."

టీచరు పెట్టెలోంచి నన్ను తీసింది. చీటీ చదివింది. కీ ఇచ్చి, తన చేతి గడియారం ఊడదీసి నా పక్కన పెట్టి, సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే బొత్తం నొక్కింది. ఐదు నిమిషాలు. నేను నా ప్రాణమంతా పెట్టి నడిచాను. ఐదో నిమిషం దగ్గర ఆపి చూసింది. ఒక్క గీత తేడా లేదు. మూడు రోజుల తరవాత నేను మొదటిసారి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను, ఊపిరి ఉన్నవాళ్ళు ఎలా పీల్చుకుంటారో అలా.

"వాచీ నిక్షేపంగా ఉంది. మరి ముప్పై ఎనిమిది ఎలా వచ్చింది?" అంది టీచరు.

చక్రధర్ తలుపు చాటునుంచి అన్నాడు: "ఊహించి రాసేసుంటాదండి."

గైడు చూసి రాసేవాడు ఆ మాట అనడం విని నాకు నవ్వొచ్చింది. చేసిన తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన పిల్ల ఇప్పుడు దొంగలెక్క రాసినదైపోయింది. ఇది మొదటి దానికన్నా అన్యాయం.

"నా ముందు చెయ్యి. లెక్క పైకి చెప్పు," అంది టీచరు.

మంగతాయారు గుండు లాగి పట్టుకుంది. వదిలింది, నన్ను నొక్కింది, ఆ క్షణంలోనే ఏదో గొణిగింది. టీచరు ఆపించింది. "గట్టిగా అనవే." మళ్ళీ వదిలి, నొక్కి, ఈసారి గట్టిగానే అంది.

"లాభం... రెండు... మూడు..."

ఇదే మాట సోమవారం పదిసార్లూ విన్నాను. నేనొక్కడినే విన్నాను.

"ఆగాగు. లాభమేంటి?" అంది టీచరు. పట్నం మనిషి, ధాన్యం రాశి ఎప్పుడూ చూసి ఉండదు.

బీరువా దగ్గర నిలబడి చూస్తున్న ఏడుకొండలు అందుకున్నాడు. "రాశి కొలిచేటప్పుడు ఒకటీ అనరండి మా వైపు. మొదటి కుంచానికి లాభం అంటారండి. తరవాత రెండూ, మూడూ."

"సరే, నేను సున్నాతో మొదలెట్టమన్నాను కదే."

మంగతాయారు తల దించుకుంది. "సున్నా అనకూడదండి. కళ్ళంలో సున్నా అన్నా, లేదన్నా నాన్న ఊరుకోడండి. మా ఇంట్లో బియ్యం అయిపోయినా నిండుకున్నాయంటామండి. లెక్క మొదట్లో ఆ మాట నా నోటికి రాదండి."

టీచరుకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. బెంచీ మీద కూర్చుని కాసేపు ఆ గుండు వంకే చూసింది. తరవాత తాపీగా అడిగింది. "మీ నాన్న లాభం అని ఎప్పుడంటాడు? కుంచం ముంచేటప్పుడా, కొలిచి పోశాకా?"

"పోశాకేనండి. పొయ్యకుండా ఎలాగంటారండీ, అది దొంగ కొలత కదండీ!"

అనేసి ఆగిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. గుండు అటూ ఇటూ ఊగుతూనే ఉంది. ఆ పిల్ల కళ్ళు దాని వెంటే అటొకసారి ఇటొకసారి వెళ్ళాయి.

"అయ్యబాబోయ్! గుండు తిరిగి రాందే లాభం అనేశానండి. పొయ్యని కుంచానికి లెక్కెట్టేశానండి. నేను కొలిచింది పంతొమ్మిదేనండి!"

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"సున్నా అననండి. నోరు మూసుకుని నొక్కుతానండి. గుండు పోయి వచ్చాక లాభం అంటానండి."

"అను," అంది టీచరు. పెదవుల చివర నవ్వు దాచుకోలేకపోయింది.

ఆ పిల్ల మళ్ళీ గుండు లాగి పట్టుకుంది. గుండు వదిలింది. మాట లేకుండా నొక్కింది. గుండు అవతలకి వెళ్ళి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, తిరిగి వచ్చింది. "లాభం," అంది ఆ పిల్ల. రెండు, మూడు, నాలుగు. ఏడుకొండలు కూడా పెదవులు కదుపుతున్నాడు. పదిహేను దాటాక చక్రధర్ తలుపు చాటునుంచి బయటికొచ్చాడు. ఇరవై అనగానే ఆ బొటనవేలు నా నెత్తిన పడింది. నన్ను టీచరుకి ఇవ్వలేదు. ముందు తానే చూసుకుంది. నలభై, పైన ఒక గీత.

టీచరు నా మెడనున్న చీటీ తెంపి నలిపి కిటికీలోంచి పారేసింది. తరవాత పుస్తకం తీసి చూసింది. మంగతాయారు సోమవారం నాటి పది లెక్కల మీదా అడ్డగీత కొట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొట్టెయ్యకు. పదిసార్లు ఒక్కలాగే కొలిచావు. ఇరవై ఉన్నచోట పంతొమ్మిది అని దిద్ది, ఎందుకో పక్కన రాయి. అక్కడ అడిగితే ఇదంతా చెప్పు. నీ పేరు పంపేస్తున్నాను."

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆ పిల్ల కదల్లేదు. నన్ను రెండు చేతుల మధ్య పెట్టుకుని, సొట్ట ఉన్నచోట వేలితో తడుముతూ అడిగింది.

"అయితే టీచర్ గారండీ, నిజంగా వాచీకేం అవలేదాండి?"

"ఏమీ అవలేదే పిచ్చిదానా."

అప్పుడు ఏడ్చింది. బెంచీ మీద కూలబడి, పైట చెంగు నోట్లో కుక్కుకుని, మూడు రోజుల నుంచి దాచిందంతా ఏడ్చేసింది. ఏడుస్తూ నవ్వింది. నన్ను పట్టుకున్న ప్రతివాళ్ళూ ఎన్ని సెకన్లయిందని అడిగినవాళ్ళే. నీకేమైనా అయిందా అని అడిగిన మనిషి ఈ పిల్ల ఒక్కతే. ఆవేళ నా స్ప్రింగులో బిగువంతా ఒక్కసారిగా సడలినట్టయింది.

శనివారం పొద్దున్నే మొదటి బస్సుకి మేమిద్దరం ఏలూరు వెళ్ళాం.