పద్నాలుగు వరసలు, ఒకే నంబరు

ఫైలు అబద్ధం చెప్పదు, మనుషులే చెబుతారు అన్నది ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నా అభిప్రాయం. అందుకే గురునాథరావు పంపిన ఫైలులో ఒకే ఫోన్ నంబరు పద్నాలుగుసార్లు కనిపించగానే తప్పెవరిదో నాకు తెలిసిపోయింది.

గురునాథరావు జాలరిపేటలో పడవల సంఘానికి గుమస్తా. రెండు వందల పద్నాలుగు పడవలు, పడవకో వరస. వరసలో పడవ నంబరు, యజమాని పేరు, ఫోన్ నంబరు, మధ్యలో కామాలు. వాటిని రుషికొండ మీది మా కంపెనీ డేటాబేసులో ఒక టేబుల్‌లోకి ఎక్కించడం నా పని. సముద్రం బాగాలేనప్పుడు మా ప్రోగ్రాం ఆ టేబుల్ చూసి, యజమానికి పేరు పెట్టి మరీ హెచ్చరిక పంపుతుంది. పేరు పెట్టమన్నది సంఘం వాళ్లే. చిన్న పడవ తట్టుకోలేని గాలిని పెద్ద పడవ తట్టుకుంటుంది కాబట్టి, మైకులో అందరికీ కలిపి చెబితే ఎవరూ వినడం లేదట. పేరు వచ్చినవాడు ఆగాలి, రానివాడు వెళ్లొచ్చు అని తీర్మానం చేసుకున్నారు.

ఒక ఫోన్ నంబరు టేబుల్‌లో ఒక్కసారే ఉండాలన్న నియమం మాత్రం నేను పెట్టిందే. గాజువాకలో మా ఇంట్లో నలుగురికి ఐదు ఫోన్లు. లోకమంతా అలాగే ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

ఎక్కించడం మొదలుపెడితే ముప్పై ఎనిమిదో వరస దగ్గర ఆగిపోయింది. ఈ నంబరు ఇప్పటికే ఉందని తెర మీద వచ్చింది. సంఘానికి ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. గుమస్తా బద్ధకించి ఒకే నంబరును ఖాళీ గళ్లన్నిటిలో అతికించేశాడని తేల్చేశాను. మా మేనేజరు ఉమాశంకర్ గారికి చూపిస్తే, కందకు లేని దురద కత్తిపీటకెందుకు, మళ్లీ వచ్చినవి దాటేసి ముందుకెళ్లు అన్నారు. దాటేయడానికి ఎక్కించే ఆదేశంలో ఒక్క ముక్క చేర్చితే చాలు. చేర్చాను. రెండు వందల ఒకటి ఎక్కాయి, పదమూడు దాటేశాం, పని విజయవంతం అని పచ్చటి అక్షరాల్లో వచ్చింది. నేను టీ తాగడానికి వెళ్లాను.

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం, ఉదయం పదకొండింటికి, గురునాథరావు ఒకావిడను వెంటబెట్టుకుని మా ఆఫీసుకి వచ్చాడు. ఆవిడ పేరు చిట్టమ్మ. జాలరిపేట ఒడ్డున చేపలమ్ముతుంది. కింద వాచ్‌మన్ ఆవిడ బుట్టను ఆపాడు గానీ ఆవిడను ఆపలేకపోయాడు. నా బల్ల మీద తన ఫోను పెట్టింది. అందులో ముందురోజు సాయంత్రం మా ప్రోగ్రాం పంపిన మెసేజీ ఉంది. ఎల్లాజీ గారూ, రేపు మీ పడవ సముద్రంలోకి వెళ్లకూడదు అని.

"ఇదొక్కటే ఒచ్చింది పాపా. మిగతా పదమూడూ ఏవీ?"

ఏ పదమూడు అని అడిగాను. అప్పుడు చెప్పింది. వాళ్ల వీధిలో పద్నాలుగు పడవలు. ఫోను సముద్రంలోకి తీసుకెళితే ఉప్పునీటికి పాడవుతుంది కాబట్టి ఎవరూ తీసుకెళ్లరు, కొందరైతే కొననే లేదు. ఒడ్డున ఎప్పుడూ ఉండేది చిట్టమ్మ. ఏ కబురైనా ఆవిడ ఫోనుకే వస్తుంది, ఎవరిచేతనైనా చదివించుకుని ఆవిడే ఇల్లిల్లూ తిరిగి చెబుతుంది. సంఘంలో నంబరు అడిగినప్పుడు పద్నాలుగు మందీ ఆవిడ నంబరే ఇచ్చారు. ఫైలులో ఎల్లాజీ పేరు ముందు ఉంది, అంతే. మిగతా పదమూడు పడవలనూ దాటేసింది నేను.

"గాలి ఎల్లాజీ ఒక్కడికే ఒత్తదేటి?" అంది చిట్టమ్మ.

తెల్లారగట్ల ఆవిడ తెడ్డు అడ్డం పెట్టుకుని పడవల ముందు నిలబడిందట. ఎల్లాజీ ఆగిపోయాడు. పన్నెండు మంది ఆవిడను తిట్టి, చివరికి ఆగారు. ఆగనిది ఒక్కడే, ఆవిడ కొడుకు కోటి. నా పేరు రానేదు గదమ్మా అని పడవ తోసుకుని వెళ్లిపోయాడు. ఎనిమిదింటికి తిరిగి రావాల్సినవాడు. అప్పటికి పదకొండు దాటింది.

ఉమాశంకర్ గారు వచ్చి, సంఘం సరైన నంబర్లు ఇవ్వలేదన్నారు. ఇచ్చినవే పంపానన్నాడు గురునాథరావు. ప్రోగ్రాం తన పని తాను చేసింది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. ఆ బుట్ట ఎవరు మాయం చేశారో ఆ గదిలో నాకు తెలుసు. సిగ్గేసింది. పోలీసులకి చెప్పారా అని మాత్రం అడగగలిగాను.

"ఎతకడానికి బోటెల్లింది. అది ఆల్ల పని, ఆల్లు సేత్తన్నారు. నువ్ నీ పని సెయ్యి. రేపూ గాలుందంట. పేర్లు రాపోతే ఆ పన్నెండుమందీ రేపు నా మాటినరు."

ఫోన్ నంబరు మీది నియమం తీసేశాను. పడవ నంబరే మళ్లీ రాకూడదని కొత్త నియమం పెట్టి, ఫైలును మొదటి నుంచీ ఎక్కించాను. పచ్చటి అక్షరాలు వచ్చాయి. ఈసారి వాటిని నమ్మకుండా లెక్కపెట్టాను. రెండు వందల పద్నాలుగు.

హెచ్చరిక ఇంకా అమల్లోనే ఉంది కాబట్టి, కొత్తగా చేరిన పదమూడు వరసలకూ ప్రోగ్రాం వెంటనే మెసేజీలు పంపింది. బల్ల మీద ఫోను వరసగా మోగడం మొదలైంది. చిట్టమ్మకి చదువు రాదు. గురునాథరావు ఒక్కో పేరూ చదువుతుంటే ఆవిడ వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంది. తొమ్మిదో మెసేజీ దగ్గర అతను ఆగిపోయాడు.

"సదువు," అంది.

కోటి గారూ, రేపు మీ పడవ సముద్రంలోకి వెళ్లకూడదు అని చదివాడు. ఆవిడ బొటనవేలు తర్వాతి కణుపు మీదికి జరిగింది. పదమూడూ అయ్యాయి.

ఫోను మళ్లీ మోగింది. ఒక వరస ఎక్కువ ఎక్కించానేమోనని తెరకేసి చూశాను. మెసేజీ కాదు, ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోన్. చేసింది కోటి. గాలి వాడి పడవను భీమిలి దాకా తోసుకుపోయి ఒడ్డున పడేసిందట. ఒడ్డున ఎవరినో అడిగి ఫోను తీసుకున్నాడు. వాడికి నోటికొచ్చిన నంబరు లోకంలో ఒక్కటే. నా టేబుల్ పదమూడుసార్లు వద్దన్నది కూడా దాన్నే.

చిట్టమ్మ ఏడవలేదు, తిట్టలేదు. వాడు చెప్పింది చివరి దాకా వింది.

"నీ పేరొచ్చిందిరా," అంది. "ఇంక ఇంటికొచ్చీ."