పడ్డ బండి చెడ్డది కాదు

చుక్క.

మళ్ళీ ఒక చుక్క.

రోడ్డు మీద పడి ఉన్న ఆమెకు మొదట వినిపించింది అదే. అరుపులు కాదు, పరుగెత్తుకొచ్చే చెప్పుల చప్పుడు కాదు — ట్యాంకులోంచి తారు మీదకి పెట్రోలు కారుతున్న చప్పుడు. వేడెక్కిన ఇనుము వాసన. చెంప కింద కంకర. నోట్లో ఇసుక.

పక్కనే బండి. వెల్లకిలా పడ్డ పురుగులా. ముందు చక్రం ఇంకా తిరుగుతోంది... తూలుతూ... తూలుతూ...

ఆగింది.

"బండి ఎలా ఉంది?" అని అడిగింది ఆమె, తనని లేపడానికి వంగిన వాళ్ళని.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, తలకి తగిలింది అనుకున్నారు.

తలకి తగల్లేదు. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. అంతే.

అంతే — అని ఆమె అనుకుంది. ఇంకెవరూ అనుకోలేదు.

*

ఆమెది ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివే పని. నలభై మూడు వీధులు. గేటు పక్కన, మెట్ల కింద, కుండీల వెనక — బూజు తుడిచి, అంకెలు చూసి, రాసుకుని, మళ్ళీ బండెక్కడం. వీధుల్లో అందరూ ఆమెని మీటరమ్మ అంటారు. సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లోనే తక్కువ.

బండి ఆమె చేతికి వచ్చేటప్పటికే తొమ్మిదేళ్ళది. ఆమె దగ్గర పదకొండేళ్ళు. మగవాళ్ళు నడిపే బరువైన బండి. కిక్కు కొడితే పిక్క అదిరే బండి. మొదట్లో వీధిలో వాళ్ళు నవ్వారు. తర్వాత చూశారు. తర్వాత చూడడం మానేశారు.

ఆ మానేయడమే ఆమె గెలుపు.

ఆ రోజు మలుపులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ కంకర రోడ్డు మీదే పోశారు. మలుపు తిరిగింది. చక్రం జారింది. గోడ ఎదురొచ్చింది.

మెకానిక్కు వచ్చి చూశాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు రెండూ వంగాయి. హ్యాండిలు మెలి తిరిగింది. క్లచ్చు లివరు విరిగింది. ట్యాంకు సొట్టపడి అడుగున చిట్లింది. లైటు పగిలింది. చక్రం ఎనిమిది అంకెలా వంకరపోయింది.

"దీనికి పెట్టే డబ్బుతో ఇంకో పాత బండి వస్తుందమ్మా. ఇది బండి కాదిప్పుడు, పాత ఇనుము."

ఇన్సూరెన్సు ఎదుటివాడికి తగిలితేనే. ఎదుటిది గోడ. గోడకి గీతైనా పడలేదు.

ఆఫీసులో ఆరు వారాలు ఆగుతామన్నారు. సొంత బండి ఉన్నవాళ్ళకే ఆ పని — కాగితంలో అలాగే రాసి ఉంది. ఆరు వారాల్లో బండితో రాకపోతే నలభై మూడు వీధులూ ఇంకొకరివి.

ఆరు వారాలు. ఒక చెయ్యి పట్టీలో. ఒక చెయ్యి బయట.

ఆమె బండిని మెట్ల కింది సందులోకి తోయించింది. దాని ముందు పీట వేసుకుని కూర్చుంది.

కుడి చేత్తో స్పానరు అందుకుంది.

*

ఆమె భర్త బస్సు డ్రైవరు. కోపిష్టి కాదు. పిసినారి కాదు. భయస్థుడు కూడా కాదు — ఆ రోజు దాకా.

చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "రోడ్డు మీద పడ్డవాళ్ళని రోజూ చూస్తా నేను. కొందరు లేస్తారు. కొందరు లేవరు. వద్దు. ఇంక వద్దు."

"నేను లేచాను కదండీ."

 కుడి చేత్తో, పళ్ళ మధ్య నట్టు పట్టుకుని పని చేస్తున్న ఆమెని చూశాడు. చూడలేక బయటికి వెళ్ళాడు.

ఒక చేత్తో నట్టు విప్పచ్చు. బోల్టు తిరక్కుండా ఆపేదెవరు? ఒక చేత్తో కేబులు లాగచ్చు. కొక్కెంలో తగిలించేదెవరు?

ఒక నట్టుకి ఒక పూట.

అత్తగారు గుమ్మం దగ్గర కుట్టు మిషను ముందు కూర్చుని అంతా చూస్తోంది. వీధి మొత్తానికి బట్టలు కుట్టే మనిషి. పదకొండేళ్ళుగా ఆ బండిని తిట్టిపోసింది. ఆ చప్పుడేమిటి, ఆ పొగేమిటి, కాళ్ళు అటొకటి ఇటొకటి వేసుకుని ఆ కూర్చోవడమేమిటి... చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

ఇప్పుడేమీ అనలేదు.

అనకపోవడమే కోడలికి ఎక్కువ కష్టంగా ఉంది.

*

రెండో వారం, భుజం చూపించుకోవడానికి ఆమె ఆసుపత్రికి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళింది. ఇటు పాత సామాన్ల వాడు ట్రాలీతో వచ్చాడు.

"బస్సు డ్రైవరుగారు రమ్మన్నారు పెద్దమ్మా. పాత బండి తీసుకెళ్ళమన్నారు."

అత్తగారి మిషను ఆగింది.

ఆవిడ లేచింది. ఒక చేతిలో కత్తెర అలాగే ఉంది. మెట్ల కిందికి వెళ్ళింది. ముందు చక్రం లేని బండి, ఇటుకల మీద నిలబెట్టిన బండి — సీటు చిరిగి దూది బయటికొచ్చిన ఆ బండి — దాని మీద ఎక్కి కూర్చుంది.

డెబ్బయ్యేళ్ళ జీవితంలో మొదటిసారి.

కాళ్ళు అటొకటి. ఇటొకటి.

"తీసుకెళ్ళు," అంది. "నాతో సహా తూకం వెయ్యి."

పాత సామాన్ల వాడు కత్తెరని చూశాడు. ఆవిడని చూశాడు. ట్రాలీ తిప్పుకున్నాడు.

సాయంత్రం కోడలు వచ్చేసరికి, కొడుకు డ్యూటీ దిగి వచ్చేసరికి — ఆవిడ ఇంకా బండి మీదే ఉంది. దిగడం తెలియక కొంత. దిగడం ఇష్టం లేక కొంత.

"ఒరేయ్. దీన్ని అమ్మడానికి నువ్వెవడివిరా?"

"నీ కోడలి మంచికేనమ్మా..."

"మీ నాన్న కూడా నా మంచికే అమ్మాడు." ఆవిడ గొంతు పెరగలేదు. "నిన్ను కనడానికి ఆసుపత్రికెళ్ళా. నిన్నెత్తుకుని ఇంటికొచ్చేసరికి నా మిషను లేదు. ఆసుపత్రిలో కట్టాలి కదా అన్నాడు. నిజమే, కట్టాలి. కానీ నన్నడగలేదు. నాలుగేళ్ళు చేత్తో కుట్టానురా నేను. సూది గుచ్చుకున్నప్పుడల్లా అదే మాట — ఒక్క మాట అడిగుంటే ఏం పోయేది?"

ఆవిడ కత్తెర కొడుకు వైపు తిప్పింది.

"నీకు భయమైతే చెప్పు. భయంగా ఉందని దానికి చెప్పు. అమ్మడమేమిటి!"

ఆయన చెప్పలేదు. తల వంచుకుని లోపలికి వెళ్ళాడు.

అత్తగారు కోడలి వైపు చెయ్యి చాచింది. "దింపవే ముందు. నడుం పట్టేసింది."

దిగింది. పీట పక్కన ఇంకో పీట వేసుకుంది.

"ఊఁ. ఏది పట్టుకోవాలో చెప్పు."

*

అప్పటినుంచి ఆమెకి రెండు చేతులు. కుడిది తనది. ఎడమది అత్తగారిది.

ఎడమ చెయ్యికి నోరు కూడా ఉంది.

"ఇంత మురికేమిటే, దీన్ని ఎప్పుడైనా కడిగిన పాపాన పోయావా?" "ఈ బోల్టు నా మాట వినట్లేదు, అచ్చం మీ ఆయనలాగే." "మెల్లగా... మెల్లగా... నా వేలు!"

వంకర పోయిన చక్రం దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. చక్రం పుల్లల్లో ఒకటి బిగిస్తే ఇంకోచోట వంకర. అది సరిచేస్తే మరోచోట. రెండు రోజులు. మూడు రోజులు. చక్రం వెక్కిరించినట్టు ఊగింది.

నాలుగో రోజు అత్తగారు తన సుద్దముక్క తెచ్చింది. బట్ట మీద గీత గీసే సుద్ద. తిరుగుతున్న రిమ్ముకి వెంట్రుకవాసి దూరంలో పట్టుకుంది. ఎక్కడ వంకర ఉందో అక్కడ సుద్ద తగిలింది. తెల్లటి గీత.

"జాకెట్టు ఒక పక్కకి లాగుతుంటే ఆ పక్క మాత్రమే కుట్టు విప్పుతామా? ఎదటి పక్కా చూడాలి. గీత పడ్డవైపు వదులు చెయ్యి. ఎదటివైపు బిగించు. ఒకేసారి కాదు. పావు తిప్పు."

పావు తిప్పింది.

సుద్ద. గీత. పావు.

సుద్ద. గీత. పావు.

మధ్యాహ్నాలు అలా గడిచాయి. గీతలు పొట్టివయ్యాయి. ఒక మధ్యాహ్నం చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగింది — సుద్దని ముట్టుకోలేదు.

 మళ్ళీ ఒకసారి తిప్పారు. చూడ్డానికి.

హ్యాండిలు, లివరు, పగలని లైటు — అన్నీ పాత సామాన్ల వాడి దగ్గరే దొరికాయి. కొనడానికి వచ్చినవాడి దగ్గరే కొంది ఆమె. వాడు ధర సగం తగ్గించాడు. "పెద్దమ్మని మాత్రం తీసుకురాకండి," అన్నాడు.

ట్యాంకు, గొట్టాలు ఇనుప పనుల లేతు మిషను నడిపే మాస్టారు దగ్గరికి వెళ్ళాయి. ముసలాయన. తక్కువ మాటల మనిషి. ట్యాంకు మూడుసార్లు కడిగాడు. చిట్లిన చోటు కాస్త వదిలి మిగతాదంతా నీళ్ళు నింపాడు, లోపల పెట్రోలు ఆవిరి మిగిలితే అంటుకుంటుందని. అప్పుడు అతుకు వేశాడు. సొట్ట అలాగే ఉండనిమ్మంది ఆమె. సొట్ట కారదు కదా.

గొట్టాలని చదును పలక మీద దొర్లించాడు. కింద సందులోంచి వెలుతురు కనిపించినచోట వంకర. ప్రెస్సులో పెట్టి నొక్కాడు. మళ్ళీ దొర్లించాడు. మళ్ళీ నొక్కాడు.

ఒకటి సూదిలా వచ్చింది. రెండోది రాలేదు.

"ఇంకా నొక్కితే విరుగుతుందమ్మా. ఇంతే. బండి కొంచెం ఎడమకి లాగుతుంది. మెల్లగా పోతే పరవాలేదు. డబ్బులు చేతికొచ్చాక కొత్తది వేయించుకో."

కూలి బదులు అత్తగారు ఆయనకి మందపాటి గుడ్డతో రెండు ఏప్రన్లు కుట్టింది. మిగిలిన గుడ్డతో బండికి సీటు కుట్టింది. రెండు వరసల కుట్టు. ఎక్కడా ముడత లేదు.

*

ఆరో వారం. చివరి రోజు. ఉదయం.

పట్టీ విప్పి రెండు రోజులైంది. ఎడమ చెయ్యి సన్నబడింది. తనది కానట్టు ఉంది. క్లచ్చు నొక్కి చూసింది — నొప్పి. మళ్ళీ నొక్కింది. నొప్పి. వేళ్ళు మూసుకున్నాయి, అది చాలు.

కిక్కు కొట్టింది.

దగ్గు కూడా లేదు.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ. ప్లగ్గు విప్పి తుడిచింది. పెట్టింది. కొట్టింది. చెమట కళ్ళల్లోకి దిగింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. పదకొండేళ్ళ కిందటి చూపు — అదే చూపు — మళ్ళీ వచ్చి నిలబడింది.

చూడండి, అనుకుంది. బాగా చూడండి.

కొట్టింది.

గుమ్మంలో ఆమె భర్త. నెల రోజులుగా ఆ సందు వైపు రాని మనిషి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెదవి కొరుక్కున్నాడు. చివరికి—

"చోకు లాగు," అన్నాడు.

లాగింది. కొట్టింది.

ఒక దగ్గు. తెల్లటి పొగ. ఇంకో దగ్గు... ఆపైన ఒక్కసారిగా సందంతా, మెట్లంతా, గోడల మీది సున్నమంతా అదిరేలా—

బండి.

"ఏమిటే ఆ చప్పుడు!" అని అత్తగారు లోపలినుంచి అరిచింది. అరుస్తూ నవ్వింది. నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల అంది.

ఆయన మెట్లు దిగి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఫోర్కు దగ్గర వంగి చూశాడు. బ్రేకు నొక్కి చూశాడు. అన్నీ చూసి, ఇంజను చప్పుడులో దాదాపు వినపడకుండా అన్నాడు.

"నాకు భయంగా ఉంది."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆ మాట కోసం ఆరు వారాలు ఎదురుచూసిందని అప్పుడే తెలిసింది.

"నాకూ ఉందండీ," అంది. "ఎక్కండి."

ఎక్కాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఆగింది. ఎడమ భుజం దాటి, కుడి భుజం మీద వాలింది.

*

ఆఫీసు గేటు దగ్గర అధికారి బండిని కిందనుంచి పైకి చూశాడు. సొట్ట ట్యాంకు. రంగు కలవని లైటు. కొత్త సీటు.

"ఇది రోడ్డు మీద నడుస్తుందా?"

"నడిచే వచ్చింది సార్."

"మూడు నెలలు చూస్తాను. మళ్ళీ పడితే?"

వెనక భర్త గొంతు సవరించుకున్నాడు. ఏదో అనబోయి ఆగాడు. ఆ జవాబు ఆమెది.

"పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారు సార్. పడితే లేస్తా."

అధికారి నవ్వలేదు. మీటర్ల పుస్తకం మాత్రం ఇచ్చాడు.

భర్త గేటు దగ్గర దిగిపోయాడు. జాగ్రత్త అనలేదు. అనకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో ఆమెకి అద్దంలో కనిపించింది — రెండు చేతులూ జేబుల్లో, దవడ బిగించి, అలాగే నిలబడి... చిన్నవాడైపోతూ... ఇంకా చిన్నవాడైపోతూ...

మొదటి వీధి. రెండో వీధి. భుజంలో సూదులు. తెరుచుకున్న గేట్లు. ఎవరో కిటికీలోంచి "మీటరమ్మ వచ్చింది!" అని లోపలికి కేక వేశారు.

మూడో వీధి ఎత్తుగా ఉంటుంది. గేరు మార్చింది. మాస్టారు చెప్పినట్టే బండి ఎడమకి లాగింది.

ఆమె కుడికి పట్టింది.

అది లాగింది. ఆమె పట్టింది.

అది లాగుతూనే ఉంది...

ఆమె పడలేదు. రేపు పడుతుందేమో. ఇప్పుడు మాత్రం ఆ ఎత్తు వీధి ఎక్కుతూనే ఉంది.