మౌన భోజనం

రేపల్లె ప్యాసింజరు వేమూరు దాటాక మార్కండేయులు సీసాలోంచి నీళ్ళు నోట్లో పోసుకుని, పుక్కిలించి, కిటికీలోంచి ఉమ్మాడు. ఒక్క చుక్క మింగలేదు. రాత్రి రెండు అరటిపళ్ళు తిన్నాడు, అంతే. ఇవాళ రేపల్లెలో ఒక తద్దినానికి భోక్తగా కూర్చోవాలి. పోయినవాళ్ళ పేరున వాళ్ళింట్లో కూర్చుని భోంచెయ్యడం ఆయన పని. చావులేనివాడి పేరు పెట్టుకుని చచ్చినవాళ్ళ బదులు తింటాడని తెనాలిలో ఎగతాళి చేసేవాళ్ళున్నారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. అరవై మూడేళ్ళొచ్చాక నవ్వి ఊరుకోవడం పెద్ద కష్టమేం కాదు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పొట్ట వీపుకి అంటుకుని ఉంటుంది. ఇంతమంది పితృదేవతల భోజనం ఎక్కడికి పోతోందోనని భార్య శ్రీలక్ష్మి ఆశ్చర్యపోతూ ఉంటుంది. మందపాటి కళ్ళజోడు మోసి మోసి ముక్కుకి రెండువైపులా గుంటలు పడ్డాయి. ముప్పై ఏళ్ళు తెనాలిలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. పుస్తకంలో ఒక్క కామా తప్పిపోయినా పట్టుకునేవాడు. అచ్చాఫీసు మూతపడ్డాక ఒక పురోహితుడు భోక్త దొరక్క వచ్చి బతిమాలితే ఒక్కపూట కూర్చున్నాడు. ఆ ఒక్కపూట పన్నెండేళ్ళయింది. తద్దినం నాడు గుమ్మంలో నిలబడి ఎదురుచూసే జనమే మర్నాడు బజార్లో ఎదురుపడితే తల తిప్పుకుంటారు. దానికీ అలవాటు పడ్డాడు.

భోక్త మాట్లాడకుండా తినాలి. బాగుందనకూడదు, బాగోలేదనకూడదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, ఆ పంక్తిలో అడగడానికే వీల్లేదు. ఇక వండేవాళ్ళు రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో వాళ్ళ చెయ్యి చెప్పాలి.

అలాంటి చెయ్యి ఆయన అక్కయ్య వెంకటరమణమ్మది. ఇవాళ్టి వంట కూడా ఆమెదే. ఆయనకి మూడేళ్ళప్పుడు తల్లి పోతే, పదిహేనేళ్ళ పిల్ల వెంకటరమణమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని తమ్ముడికి అన్నం పెట్టింది. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు. రేపల్లెలో ఒక గది అద్దెకి తీసుకుని నలభై ఏళ్ళుగా మడి వంటలు చేస్తోంది. తెనాలి, బాపట్ల కూడా పిలిస్తే వెళ్ళేది. అరచేతిని గుంట చేసి ఉప్పు పోసుకుని, గిన్నె వంక ఒక్క చూపు చూసి వేసేసేది. తప్పేది కాదు.

కిందటి మార్గశిరంలో బాపట్లలో మొదటిసారి తప్పింది. పప్పులో ఉప్పు లేదు. పోయినాయనకి బీపీ ఉండేదేమో, ఇంటివాళ్ళే వద్దన్నారేమో అనుకుని మార్కండేయులు తినేశాడు. మాఘంలో తెనాలిలో చారు ఉప్పుకషాయం. చెయ్యి జారి ఉంటుందనుకున్నాడు. ఆ తర్వాత ఒక ఇంట్లో గారెలు లోపల పిండిపిండిగా ఉంటే కట్టెలు తడిసి ఉంటాయనుకున్నాడు. ఆ ఇంట్లో ఉన్నది గ్యాసుపొయ్యి అని రైలెక్కాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఆ ఆలోచన రైల్లోనే వదిలేసి దిగాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టనివాడు అక్క వంటకి వంకలు లెక్కపెడతాడా?

ఏ ఇంట్లోనైనా తండ్రి తద్దినం ఏడాదికొక్కసారి. వంట నచ్చకపోతే పైయేడు ఇంకొకర్ని పిలుచుకుంటారు, అంతటితో సరి. వెంకటరమణమ్మ వంట వరసగా తింటున్న నోరు ఈ మూడూళ్ళలో ఒక్కటే ఉంది.

తద్దినం పెట్టే శ్రీహర్ష బ్యాంకులో పనిచేస్తాడు. తండ్రి లెక్కల మాస్టారు, పోయి నాలుగేళ్ళు. వాకిట్లో నీళ్ళు చల్లి వదిలేశారు. ఆ రోజు భోక్తలు తిని లేచేదాకా గుమ్మంలో ముగ్గు వెయ్యరు. అందుకే కోడలు లక్ష్మీప్రియ ముగ్గుడబ్బా తెచ్చి పెరటి వసారాలో, పొయ్యి గట్టు మీద ఓ మూల పెట్టింది.

ఆ పొయ్యి దగ్గరే వెంకటరమణమ్మ నిలబడి ఉంది. నడుం వంగి, జుట్టు దూదిలా తెల్లబడి, మెడ దగ్గర ఎముకలు తేలి కనిపించాయి. ఇంత చిక్కిపోయిందేమిటని మార్కండేయులు ఒక్క క్షణం ఆగాడు.

"ఏరా, ఎప్పుడొచ్చావు?" అంది.

"ఇప్పుడేనక్కయ్యా."

నూతి దగ్గర స్నానం చేసి, తడిపంచె పిండుకుంటూ మళ్ళీ అటుగా వచ్చాడు.

"ఏరా, ఎప్పుడొచ్చావు?" అంది, అదే నవ్వుతో.

చెవులు మందగించాయి కాబోలు అనుకున్నాడు.

హోమం అయింది. బాపట్ల నుంచి వచ్చిన రెండో భోక్తని దేవతల స్థానంలో కూర్చోబెట్టారు. మార్కండేయులు పితృస్థానంలో, పెరటి గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. లక్ష్మీప్రియ వడ్డించింది. పురోహితుడు కౌండిన్య చిన్నవాడైనా గొంతు గట్టివాడు, మంత్రం మొదలుపెట్టాడు. పప్పు బాగుంది. మార్కండేయులు ప్రాణం కుదుటపడింది. తర్వాత పాలు పోసిన పొట్లకాయ కూర కలుపుకున్నాడు. రెండో ముద్దకి పళ్ళ కింద కరకరమంది.

ఇసుకేమో అనుకున్నాడు. మూడో ముద్దా అంతే. తలెత్తి చూశాడు.

వసారాలో వెంకటరమణమ్మ కూరగిన్నె మీదికి వంగి ఉంది. కూర ఇంకా పల్చగా ఉందనిపించినట్టుంది. ఆ కూర చిక్కబడ్డానికి బియ్యప్పిండి వేస్తారు. బియ్యప్పిండి ఉన్న స్టీలుడబ్బా మూత తియ్యకుండా అలాగే ఉంది. ఆమె చేతిలో ఉన్నది గులాబీరంగు మూత ప్లాస్టిక్ డబ్బా. దాని అంచుకి ఎర్రరంగు, పచ్చరంగు పొడులు అంటుకుని ఉన్నాయి. అందులోంచి ఇంకో పిడికెడు తీసి కూరలో వేసి, గరిటెతో నెమ్మదిగా, ఎంతో శ్రద్ధగా కలిపింది.

తద్దినం నాడు వాకిట్లో వెయ్యకూడని ముగ్గు విస్తట్లోకి వచ్చింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడు నెలలుగా తాను ఒక్కొక్కటే పక్కకి నెట్టిన సంగతులన్నీ కలిసి ఒక్కసారే ఆయన మీద పడ్డాయి. ఇది చెయ్యి జారడం కాదు. ఆమెకి తెల్లనివన్నీ పిండే అయిపోయాయి.

లోపలి గదిలో మాస్టారి నాలుగేళ్ళ మనవరాలు "ఆకలేస్తోందమ్మా" అంది.

"కాసేపాగు. తాతగారు తింటున్నారు" అని ఎవరో సర్దిచెప్పారు.

తాతగారంటే ఈ పూట మార్కండేయులే. తాను లేవగానే ఇంట్లో వాళ్ళంతా ఆ కూరే తింటారు, ఆ పిల్లతో సహా. ఇప్పుడు నోరు విప్పితే తద్దినం చెడుతుంది, లెక్కల మాస్టారు ఆకలితో వెనక్కి పోతాడు. మార్కండేయులు ఆ మాట నిజంగా నమ్ముతాడు. లేచాక చెబితే పిల్ల బతికిపోతుంది గాని, సాయంత్రానికల్లా వెంకటరమణమ్మ ముగ్గు వండి పెట్టిందన్న కథ మూడూళ్ళూ తిరుగుతుంది. నలభై ఏళ్ళ చేతికి అదే పేరు మిగులుతుంది.

రెండో భోక్త విస్తట్లో కూర ముట్టకుండా అలాగే ఉంది. మార్కండేయులు తన విస్తట్లో కూరంతా తినేశాడు. భయంతో తిన్నాడు.

"తృప్తులయ్యారా?" అని శ్రీహర్ష చేతులు జోడించి అడిగాడు. అది తంతులో ఉన్న ప్రశ్న. జవాబూ తంతులోనే ఉంది.

"తృప్తులమయ్యాం" అన్నాడు మార్కండేయులు. నాలుక మీద ఇంకా గరగర ఉంది.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాలి. వసారాలో అడుగుపెట్టి, పొయ్యి దగ్గర ఆగి, ఆ ఎంగిలిచెయ్యి మణికట్టు దాకా కూరగిన్నెలో ముంచాడు.

లక్ష్మీప్రియ చేతిలో గరిటె కింద పడింది. కౌండిన్య లేచి వచ్చేశాడు. ఎంగిలి పడ్డ కూర ఇక ఎవరూ ముట్టరు.

"ఏంటండీ మీరు చేసిన పని?" అంది లక్ష్మీప్రియ.

"చెంబనుకున్నానమ్మా" అన్నాడు మార్కండేయులు. "కళ్ళు కనపడి చావడం లేదు. ఆ కూర పారబొయ్యండి. మిగతావాటి మీద నా చెయ్యి పడలేదు."

తనే గిన్నె ఎత్తి దొడ్లో చెట్టు మొదట్లో వంచేశాడు. వస్తూ వస్తూ గులాబీమూత డబ్బా పొయ్యి గట్టు మీంచి తీసి దూరంగా కిటికీలో పెట్టాడు. పిండాలకి తీసిన అన్నం లోపల వేరే ఉంది, మిగిలిన తంతు ఆగలేదు. అదంతా అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఆయన మొహం చూడలేదు.

వెళ్ళేటప్పుడు కౌండిన్య గేటు దాకా వచ్చాడు. కోపం తగ్గి జాలి మిగిలినట్టుంది.

"ఏమనుకోకండి బాబాయిగారూ. ఇక మీరు బయటికి రాకండి. ఈ వయసులో మిమ్మల్ని కనిపెట్టుకుని ఒక మనిషుండాలి. పిన్నిగారికి చెప్పండి."

"చెబుతానండీ" అన్నాడు మార్కండేయులు.

అక్కయ్య గది అక్కడికి రెండు వీధులవతల. ఎండలో ఇద్దరూ నెమ్మదిగా నడిచారు. మొదటి మలుపు దగ్గర ఆమె ఎడమవైపు తిరగబోయి ఆగింది. తమ్ముడు ఎటు తిరుగుతాడో చూసి అటు తిరిగింది. ఆయన అది చూశాడు. నలభై ఏళ్ళు నడిచిన వీధి.

"అంతమందిలో ఎందుకురా నవ్వులపాలయ్యావు? పొట్లకాయ నీకిష్టమని చేశాను."

"అందులో ముగ్గు పడిందక్కయ్యా."

ఆమె నిలబడిపోయింది. "ఎవరు వేశారు?"

ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది. గోళ్ళ సందుల్లో తెల్లగా ఉంది. వేలితో గీరి, నాలుకకి రాసుకుంది. నలభై ఏళ్ళలో తన తద్దినం వంట ఆమె రుచి చూడడం అదే మొదటిసారి అయివుంటుంది.

"నువ్వు తిన్నావుగా" అంది.

"తిన్నాను."

"బాపట్లలో ఉప్పు వేశానో లేదో ఎంతకీ గుర్తురాలేదు. తలుపు చాటునుంచి నీ విస్తరి చూశాను. అంతా తినేశావు. అయితే వేశాననుకున్నా." ఆమె మాటలు నెమ్మదిగా, తడబడకుండా వచ్చాయి. "అప్పట్నుంచీ నీ విస్తరే చూస్తున్నానురా. నువ్వు తింటున్నావుగా, బాగానే ఉన్నాననుకున్నా."

మార్కండేయులు పక్కనున్న ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. నియమం పాటిస్తున్నానన్న గర్వంతో ఏడు నెలలు తాను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. ఆమె అడుగుతూనే ఉంది, తాను ప్రతిసారీ బాగున్నావనే చెబుతూ వచ్చాడు. ఆమె వంగి, చెమట పట్టిన ఆయన నుదురు కొంగుతో తుడిచింది.

గది తలుపు తియ్యగానే పులిసిన వాసన కొట్టింది. మూడు గిన్నెల్లో బియ్యం నానబోసి ఉంది. ఒకదాంట్లో నీళ్ళ మీద నురగ కట్టింది, ఇంకొకదాంట్లో బూజు పట్టింది. పెరుగు ప్యాకెట్లు కిటికీలో వరసగా ఉబ్బి ఉన్నాయి. ఉగాదికి తాను తెచ్చిచ్చిన బీపీ మాత్రల అట్టలో ఒక్క మాత్ర కూడా తగ్గలేదు. ఆమె మెడ ఎముకలు ఎందుకు తేలాయో ఆ గిన్నెలు చెప్పాయి. ఊరందరికీ వండే మనిషి తనకి వండుకోవడం మర్చిపోయింది.

ఇంటావిడ ఆదిలక్ష్మి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "గ్యాసు వాసనొస్తోందని రెండుసార్లు మేమే వచ్చి కట్టేశామండి. మొన్న పెనుమూడి రోడ్డు మీద నిలబడి ఇల్లెటని అడుగుతుంటే ఆటోవాళ్ళు తీసుకొచ్చారు."

"నాకొక్క మాట చెప్పలేదేంటమ్మా?"

"మీరు వస్తూపోతూ ఉంటారు గదండీ. మీకు తెలుసనుకున్నాం."

ఆయన బయటికి వచ్చి శ్రీలక్ష్మికి ఫోను చేశాడు. అక్కయ్యని తీసుకొస్తున్నానని మాత్రం అన్నాడు.

"తీసుకురండి. మంచం కిటికీవైపు వేయిస్తాను. దారిలో ఏదైనా తినిపించండి" అంది శ్రీలక్ష్మి.

వెంకటరమణమ్మ ఎందుకని అడగలేదు, ఎన్నాళ్ళకని అడగలేదు. తమ్ముడు రెండు చీరలు, కళ్ళజోడు, మాత్రలు సంచిలో పెడుతుంటే పరాయి ఇల్లు చూసినట్టు చూస్తూ నిలబడింది. సాయంత్రం బండికి ఇంకా టైముంది. ఆటో వచ్చాక ఎవరూ పట్టుకోకుండానే ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ గదికి అదే ఆమె వీడుకోలు. ఆదిలక్ష్మి వచ్చి చెయ్యి పట్టుకుంటే నవ్వింది.

"తాళం వేశావుట్రా?" అంది.

"వేస్తానక్కయ్యా."

మార్కండేయులు గ్యాసు కట్టేశాడో లేదో చూడడానికి ఒక్కడే మళ్ళీ లోపలికి వెళ్ళాడు. కట్టేసే ఉంది. తిరిగి రాబోతూ తలెత్తాడు. పైకప్పు కింద, ఎవరికీ తగలనంత ఎత్తులో కట్టిన దండెం మీద ఆమె మడిచీర ఆరేసి ఉంది. మడిబట్ట మైలచేత్తో ముట్టుకోకూడదని అలవాటుగా పక్కకి తప్పుకున్నాడు. తప్పుకున్న చోటునుంచి చీర వెనకవైపు కనిపించింది. కుచ్చిళ్ళ దగ్గర మూరెడు మేర నల్లగా కాలిపోయి ఉంది. ఆ కాలిన అంచు గోడవైపుకి వచ్చేలా, గుమ్మంలోంచి చూసేవాళ్ళకి కనబడకుండా, చీర పొందిగ్గా మడత వేసి ఆరేసి ఉంది.