నల్ల బిళ్ళ

తాళం తిప్పితే దీపం వెలుగుతుంది. మీట నొక్కితే మూడు కూతలు వినిపిస్తాయి. ఆపైన అంతా నిశ్శబ్దం. బెన్ని పోయిన నాటి నుంచి అతని మోటార్‌సైకిల్ తీరు ఇదే.

జగ్గయ్యపేట మెకానిక్కు ప్లగ్గు మార్చాడు, కార్బురేటర్ కడిగాడు, కొత్త బ్యాటరీ వేశాడు. నాలుగు రోజులు తిరగకుండానే కొత్తదీ నీరసించింది. చివరకు నందిగామలో నవీన్‌బాబు అనే కుర్రవాడు బండ్ల వైరింగు బాగా చూస్తాడని చెప్పి చేతులు దులుపుకున్నాడు. బెన్ని భార్య సూసన్ బండిని ట్రాలీ ఆటో ఎక్కించింది. అత్తగారు ప్రేమకుమారి తానూ వస్తానని పక్కన కూర్చుంది.

సోమవారానికి బండి నడిచి తీరాలి. పెనుగంచిప్రోలు చుట్టుపక్కల ఊళ్ళలో మంచాన పడ్డవారిని ఇళ్ళకు వెళ్ళి చూసుకునే నర్సు ఉద్యోగం సూసన్‌కు వచ్చింది. సొంత బండి ఉన్నవాళ్ళే రావాలన్నారు. ఇద్దరాడవాళ్ళ ఇంటికి ఇక ఆ జీతమే ఆధారం.

నందిగామలో తన షెడ్డు ముందు నవీన్‌బాబు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ప్లగ్గు మార్చారు, కేబుళ్ళు మార్చారు, బ్యాటరీ మార్చారు. ఓనర్నొక్కణ్ణి మార్చలేదు, నయం" అని నవ్వాడు.

"ఓనరూ మారాడు నాయనా" అంది ప్రేమకుమారి.

నవ్వు అతని ముఖం మీదే ఆగిపోయింది. అతడు సీటు విప్పాడు. వైర్ల గుబురులో అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి దాగి ఉంది. దాని మీద ఎర్రటి చుక్క వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది.

"సెక్యూరిటీ పెట్టించారక్కా. మీకు చెప్పలేదా?"

"వీధిలో ఎవరిదో బండి పోయిందని బెజవాడ తీసుకెళ్ళి ఏదో చేయించారు. అంతే తెలుసు."

"మరి అప్పుడు మీరు నడిపితే స్టార్టయ్యేదా?"

సూసన్ ఆలోచించింది. సాయంకాలాల్లో కాలేజీ గ్రౌండులో ఆమెకు బండి నేర్పింది అతనే. "అయ్యేది. కానీ నేను నడిపినప్పుడల్లా వెనక ఆయన కూర్చునేవారు."

"అదీ సంగతి! దీనికో ట్యాగుంటదక్కా. అది జేబులో ఉన్న మనిషి దగ్గరుంటేనే ఇంజనుకు కరెంటొదులుద్ది. లేకపోతే కూతే. రాత్రీపగలూ ఇది ఆ ట్యాగు కోసమే వెతుకుతుంటది. అందుకే బ్యాటరీ తినేస్తోంది. ఆ ట్యాగు తెస్తే చాలు, బండి నడుస్తది."

సొరుగులోంచి అతడు అలాంటిదే ఒకటి తీసి చూపించాడు. చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది, నున్నటి నల్ల బిళ్ళ.

ప్రేమకుమారి దాన్ని చేతిలోకి తీసుకోలేదు. చూస్తూ ఉండిపోయింది.

"అత్తయ్యా, ఇంట్లో ఎక్కడన్నా చూసారా దీన్ని?"

"చూసానమ్మా. పొద్దున లేస్తే ముందు దాన్నే జేబులో వేసుకునేవాడు. తాళం మర్చిపోయినా అది మర్చిపోయేవాడు కాదు. వాడికెంత ఇష్టమో అనుకున్నా. పెళ్ళికోటు తొడిగించి పెట్టెలో పడుకోబెట్టారు గదా, అప్పుడు చిన్న బైబిలుతో పాటు అదీ కోటు జేబులో నేనే పెట్టా."

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆరు అడుగుల మట్టి కింద, తెల్ల గుడ్డ పరిచిన పెట్టెలో, గుండెకు ఆనుకుని ఉంది నల్ల బిళ్ళ. ఇక్కడ ఎండలో ఎర్ర చుక్క దాని కోసం వెలుగుతూ ఆరుతూ ఉంది.

సూసన్‌కు కోపం రావలసింది, రాలేదు. ఆ కోటుకు గుండీలు పెట్టింది తనే. జేబు ఉబ్బుగా ఉందని తన కళ్ళూ గమనించలేదు.

"సమాధి ఇంకా కట్టించలేదు గదమ్మా" అంది ప్రేమకుమారి నెమ్మదిగా. "మట్టే గదా. పాస్టరు గారి కాళ్ళు పట్టుకుని అడుగుతా. తవ్విస్తే..."

"అత్తయ్యా!"

"నీ ఉద్యోగం పోతదే తల్లీ, నా చేతి మూలాన!"

"పోదు. ఆయన్ని కదపొద్దు." సూసన్ అత్తగారి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. నవీన్‌బాబు వైపు తిరిగి, "అది లేకుండా ఇంకో దారుందా బాబూ?" అని అడిగింది.

"ఈ పెట్టె తీసేసి వైర్లు కలిపేస్తే నడుస్తదక్కా. ఇంక ఎవరి కోసమూ చూడదు. తాళం ఎవరు తిప్పినా స్టార్టవుద్ది."

ఎవరి కోసమూ చూడదన్న మాటకు సూసన్ ఆ పెట్టె వైపు చూసింది. ఎర్ర చుక్క మరికొన్నిసార్లు వెలిగింది.

"కోసెయ్" అంది.

కత్తెర పడింది. చుక్క ఆరింది. మళ్ళీ వెలగలేదు. నవీన్‌బాబు వైర్లు కలిపి, టేపు చుట్టి, చార్జింగున్న బ్యాటరీ వేసి పక్కకు జరిగాడు. సూసన్ తాళం తిప్పి మీట నొక్కింది. కూత లేదు. మొదటి నొక్కుకే ఇంజను అందుకుంది. బెన్ని ఇంటికొస్తూ మలుపు తిరిగేటప్పుడు వినిపించే చప్పుడే, ఏ మార్పూ లేదు. ప్రేమకుమారి ఉలిక్కిపడి వీధి వైపు చూసింది. తరువాత తల వంచుకుని కొంగుతో కళ్ళొత్తుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆమె కోడలి వెనక పక్కకు తిరిగి కూర్చుంది. జగ్గయ్యపేట పొలిమేరలో, క్రైస్తవుల శ్మశానం మీదుగా ఇంటికి పోయే అడ్డదారి వచ్చింది. అలవాటుగా సూసన్ అటు మళ్ళబోయింది.

భుజం మీద చెయ్యి పడింది.

"అటు వద్దమ్మా. చుట్టు తిరిగి పోదాం" అంది ప్రేమకుమారి. "ఈ బండి చప్పుడు వాడికి తెలుసు."

సూసన్ బండిని పెద్దరోడ్డుకు తిప్పింది.