దుమ్ము కొలిచే యంత్రం

పరుపులు కుట్టే అతనికి తెలివి తక్కువని ఎవరూ అనలేదు. అసలు గొడవంతా అది కాస్త ఎక్కువ కావడం వల్లే వచ్చింది.

వీధి వెనక ఖాళీ జాగాలో గూడ్సు రైళ్ళ టెర్మినల్ కడతామన్నారు. రైళ్ళలోంచి దిగిన బొగ్గూ సిమెంటూ లారీలకెక్కి ఈ వీధిలోంచే పోవాలి. అతనితోనే ఉండే అక్కకి ఆయాసం. కిటికీ తెరిచి పక్కనే కూర్చుంటే గానీ ఊపిరాడదు. లారీలొస్తే ఆ కిటికీ మూసెయ్యాల్సిందే. ఇక ఆవిడ ఎలా బతుకుతుందన్నదే తమ్ముడి భయం.

కట్టేముందు గాలి పరీక్ష చెయ్యాలట. దుమ్ము కొలిచే యంత్రాన్ని తెచ్చి వాళ్ళ డాబా మీదే పెట్టారు. పెట్టినవాడు "ముట్టుకోకండి" అని చెప్పి పోయాడు. ఏం తేలితే ఏమవుతుందో అతను చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. అడిగితే పరువు తక్కువ కదా.

"దుమ్మెక్కువుందని తేలితే చాలు, టెర్మినల్ ఆపేస్తారు," అన్నాడు పరుపులతను. వీధంతా తలూపింది. ఇంకేం, యంత్రం ఉన్నన్నాళ్ళూ పాత పరుపులు డాబా మీదికి మోసుకెళ్ళి, దాని పక్కనే విప్పి కర్రతో బాదాడు. ఇరుగుపొరుగు కూడా తమ చాపలూ గోనెలూ తెచ్చి దులిపి పుణ్యం కట్టుకున్నారు. కింద అక్క దగ్గుతూనే ఉంది.

"ఎందుకురా ఈ పాడు పని?" అంది ఓసారి.

"నీకోసమేనక్కా. కాస్త ఓర్చుకో."

ఫలితం చెప్పి అభ్యంతరాలు వినే సభ రోజు హాలు నిండిపోయింది. అధికారిణి కాగితం చూసి మెల్లగా చదివింది. "ఈ వీధిలో ఇప్పటికే దుమ్ము విపరీతంగా ఉంది. టెర్మినల్ వల్ల పెరిగేది దాని ముందు లెక్కలోకి రాదు. అందుచేత ఈ విషయంలో మాకు అభ్యంతరం లేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అందరూ అతనివైపు చూశారు, చాపలు దులిపినవాళ్ళతో సహా. అతనికి తల కొట్టేసినట్టయింది.

"ఎవరైనా చెప్పేదుందా?" అని అడిగింది అధికారిణి.

లేచి నిజం చెబితే మళ్ళీ కొలుస్తారు. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ ఇంతమందిలో, నేనే బాదానని ఏ మొహంతో చెప్పడం? సిగ్గు అతన్ని కుర్చీకి అతికించేసింది.

వెనక వరసలో అక్క లేచింది.

"అమ్మా, ఆ దుమ్ము వీధిది కాదు. నేనే ఆ మిషను పక్కన పాత పరుపులు బాదాను." ఆగి ఊపిరి పీల్చుకుంది. "తెలియక చేశాను."

డాబా మెట్లు ఎక్కలేని మనిషి పరుపులు బాదిందంటే నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. అతనూ అనలేదు.

"ఈ వయసులో ఇదేం పనండీ, పెద్దమ్మగారూ?" అంది అధికారిణి విసుగ్గా. "సరే, మళ్ళీ కొలిపిస్తాం."

దారిలో అక్క అతని భుజం పట్టుకుని ఆగి ఆగి నడిచింది. వీధి మలుపు దగ్గర అతను తల దించుకునే అన్నాడు.

"నన్ను చెప్పనివ్వాల్సింది కదక్కా."

"నువ్వు లేస్తావనే చాలాసేపు చూశానురా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి.

మళ్ళీ యంత్రం వచ్చింది. పోయినసారి వచ్చినవాడే. అతనికి సాయంగా రెండో పక్క పట్టి, డాబా మీదికి చేర్చాడు పరుపులతను. యంత్రం బిగించాక వచ్చినవాడు గొంతు తగ్గించాడు. చెడ్డవాడేం కాదు.

"మీరు పెద్దమనిషిలా ఉన్నారు, మీకు చెప్తున్నాను. మీ అక్కగారిని ఈసారి కాస్త కనిపెట్టుకుని ఉండండి. ఆవిడ్ని పైకి రానివ్వకండి."

కింద కిటికీ దగ్గర ఆవిడ దగ్గు వినిపిస్తోంది.

"అలాగేనండి," అన్నాడు.